ఆ డ్రమ్ము అంటుకోదనుకున్నా!

డిప్లొమా అయ్యాక గాజువాక ఆటోనగర్‌లో ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేరాను. మూడో రోజు గ్రైండింగ్ పని చెప్పారు. ఓ మూల ఖాళీగా కనిపించింది. పక్కనే ఒక డ్రమ్ము, దాని మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసుంది.

కరెక్ట్‌కి వ్యతిరేకం ఇన్‌కరెక్ట్. విజిబుల్‌కి ఇన్‌విజిబుల్. ఆ లెక్కన ఇది అంటుకోని సరుకు! అలా తేల్చేసుకుని గ్రైండర్ ప్లగ్ పెట్టాను.

‘‘ఏటి బాబూ, సావాలనుందా?’’ అంటూ పెద్ద వెల్డర్ పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపేశాడు. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. ‘‘అది థిన్నర్. ఒక్క నిప్పురవ్వ పడితే షెడ్డే ఉండదు.’’

‘‘అంటుకోదనే రాసుంది కదా బాబాయ్!’’

‘‘నాకు ఇంగ్లీసు రాదు గానీ, మంట బొమ్మ కనబడతంది కదా!’’

సిగ్గుతో తల దించుకున్నా. మల్కాపురం రోడ్డులో ఆయిల్ ట్యాంకర్ల వెనక చిన్నప్పటి నుంచీ చూస్తున్న మాటే అది. చదివాను గానీ అర్థం ఏంటని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ రాత్రి డిక్షనరీ తీశాను. ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే: తేలిగ్గా అంటుకునేది. ఇక్కడ ‘ఇన్’ అంటే ‘కాదు’ అని కాదు. మంట పెట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియ ‘ఇన్‌ఫ్లమ్మారే’ నుంచి ఈ మాట పుట్టింది. నాలా పొరబడేవాళ్లు ఉంటారనే భయంతో 1920ల్లోనే అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ‘ఫ్లేమబుల్’ అన్న మాటే వాడమని చెప్పింది. నిజంగా అంటుకోనిదాన్ని ‘నాన్‌ఫ్లేమబుల్’ అనాలి.

మరి ‘కంబస్టిబుల్’? అదీ కాలేదే, కానీ అంటుకోవడానికి ఇంకాస్త వేడి కావాలి. పోర్టులో గుట్టలుగా కనిపించే బొగ్గు అలాంటిదే. మన దేశంలో పెట్రోలియం సరుకులకు ఇలాంటి తేడానే అంకెల్లో చెప్పారు. ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. అది 23 డిగ్రీల సెల్సియస్ లోపుంటే క్లాస్ ఏ, 23 నుంచి 65 లోపైతే క్లాస్ బీ. పెట్రోలు ఏ, డీజిల్ బీ. విశాఖలో డిసెంబరు మధ్యాహ్నం కూడా 23 దాటుతుంది. అంటే పెట్రోలు ఇక్కడ ఏడాదంతా రవ్వ కోసం కాచుకునే ఉంటుంది.

ఇలాంటి ‘ఇన్’ తిరకాసు ఇంకోటుంది. ‘వాల్యుబుల్’ అంటే విలువైనది. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే పనికిరానిది అనుకునేరు! వెల కట్టలేనంత గొప్పది అని అర్థం. ఇంటర్వ్యూలో దీన్ని తప్పు వాడితే మహా అయితే నవ్వుతారు. డ్రమ్ము దగ్గర తప్పు చదివితే నవ్వడానికి ఎవరూ మిగలరు.

మంట అంటే ఏంటో ఈ ఊరికి బాగా తెలుసు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ అంటుకుని పదుల మంది చనిపోయారు. ఆ రోజు గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

అందుకే ఇప్పుడు షెడ్డులోకి కొత్త కుర్రాడు ఎవరొచ్చినా ముందు డ్రమ్ముల దగ్గరికి తీసుకెళ్తా. ‘‘తమ్ముడూ, మాట అర్థం కాకపోతే ఊహించకు, అడుగు. అడగడానికి ఎవరూ లేకపోతే బొమ్మ చూడు’’ అని చెప్తా. బాబాయ్ నేర్పిన ఆ పాఠం మాత్రం నాకు ఇన్‌వాల్యుబుల్.