లేడీస్ టైలర్ (సినిమా)

లేడీస్ టైలర్ 1986లో విడుదలైన తెలుగు హాస్య ప్రేమకథా చిత్రం. దర్శకుడు వంశీ. స్రవంతి మూవీస్ పతాకంపై స్రవంతి రవికిశోర్ నిర్మించారు. రాజేంద్రప్రసాద్, అర్చన ముఖ్యపాత్రలు ధరించారు. మాటలు తనికెళ్ళ భరణి, పాటలు సిరివెన్నెల సీతారామశాస్త్రి, సంగీతం ఇళయరాజా. పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని వెతుక్కుంటూ తిరిగే ఒక సోమరి దర్జీ కథ ఇది. ఇంత చిన్న, ఇంత విచిత్రమైన విషయంతో తీసిన చిత్రం దశాబ్దాలు గడిచినా ప్రేక్షకులకు గుర్తుండిపోవడానికి కారణాలేమిటన్నది తెలుగు హాస్య చిత్రాల చరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్న. కథ గోదావరి ప్రాంతపు పల్లెటూరిదైనా, ఈ చిత్రానికి పేరు తెచ్చినవారిలో ఇద్దరికి అనకాపల్లితో సంబంధం ఉంది.

కథా సంగ్రహం

సుందరం (రాజేంద్రప్రసాద్) ఆడవారి దుస్తులు కుట్టడంలో మంచి పనిమంతుడు, కాని పరమ బద్ధకస్తుడు. అతడు కుట్టకపోతే బట్టల సత్యం (మల్లికార్జునరావు) వ్యాపారం సాగదు. సత్యం, సీతారాముడు (శుభలేఖ సుధాకర్) అతడి వెంట తిరిగే మిత్రులు. కుడి తొడపై పుట్టుమచ్చ ఉన్న స్త్రీని పెళ్ళాడితే సుందరం దశ తిరుగుతుందని ఒక కోయదొర జోస్యం చెబుతాడు. పని చెయ్యకుండా అదృష్టం పట్టే మార్గం దొరికిందని సుందరం సంబరపడి, ఊళ్ళో ఒక్కొక్క స్త్రీనే ప్రేమ పేరుతో దగ్గర చేసుకుని మచ్చ కోసం వెతకడం మొదలుపెడతాడు. ఊరిని గడగడలాడించే వెంకటరత్నం (ప్రదీప్ శక్తి) భయం ఒక పక్క వెంటాడుతూనే ఉంటుంది. దీప, వై.విజయ మొదలైనవారు ఊరి స్త్రీలుగా నటించారు. ఈ వెతుకులాట చివరకు బడి పంతులమ్మ సుజాత (అర్చన) వద్దకు చేరుతుంది. మచ్చ కోసం మొదలైన నటన ప్రేమగా మారడంతో కథ నడక మారుతుంది.

కథలోని నమ్మకాలు

ఈ కథ వింతగా కనిపించినా తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. పుట్టుమచ్చల ఫలితాలు, బల్లిపాటు ఫలితాలు తెలుగు పంచాంగాలలో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంటాయి. స్త్రీలను పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా చెప్పడం పాత కామశాస్త్ర గ్రంథాలనుండి వాడుకలోకి వచ్చింది. తలపాగా, పూసల దండలతో ఊరూరా తిరిగి జోస్యం చెప్పే కోయదొరలు ఆంధ్ర ప్రాంతపు పల్లెలలో పరిచితులే. వీటిని పూర్తిగా నమ్మేవారు కొందరు, నవ్వుతూనే లోలోపల సగం నమ్మేవారు మరికొందరు. ఈ సగం నమ్మకమే చిత్రానికి ఆధారం. జోస్యం నిజమా కాదా అని చిత్రం వాదించదు. దానిని నమ్మిన మనిషి ఏమేం చేస్తాడో మాత్రం చూపిస్తుంది.

కథానాయకుడిని దర్జీగా ఎంచుకోవడం చిత్రంలోని తెలివైన అంశం. 1980వ దశకంలో పల్లెటూళ్ళలో రెడీమేడ్ దుస్తులు ఇంకా అంతగా వ్యాపించలేదు. పండుగ వచ్చినా పెళ్ళి వచ్చినా జాకెట్లకు, లంగాలకు, పరికిణీలకు ఊరి దర్జీయే దిక్కు. అతడు "రేపు రండి" అంటే రేపు రావలసిందే. బంధువు కాకపోయినా ఊళ్ళో ఆడవారందరితో చనువుగా మాట్లాడడానికి, కొలతల పేరుతో దగ్గరకు రావడానికి అవకాశమున్న పరాయి మగవాడు అతడొక్కడే. కనుక ఇలాంటి వెతుకులాటను నమ్మించాలంటే ఇంతకన్న తగిన వృత్తి లేదు. అదే కారణంగా ఆ వృత్తిపై ఊరు ఉంచిన నమ్మకాన్ని అతడు దుర్వినియోగం చేస్తున్నాడన్న సంగతి కూడా కథలోనే ఉంది. దీని గురించి విమర్శ విభాగంలో చూడవచ్చు.

వంశీ చిత్రణ

వంశీ తూర్పు గోదావరి జిల్లా పసలపూడిలో పుట్టినవాడు. దర్శకుడు కాకముందే రచయిత. "మంచు పల్లకీ" (1982) తో దర్శకుడై, తన నవల "మహల్లో కోకిల" ఆధారంగా "సితార" (1984) తీసి జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారం పొందాడు. తరువాతి కాలంలో వచ్చిన "మా పసలపూడి కథలు" లో కనిపించే మనుషులు - మారుపేర్లతో, వింత అలవాట్లతో, తిండి మీద మమకారంతో ఉండేవారు - ఈ చిత్రంలో అప్పటికే ఉన్నారు. ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక విచిత్రమైన పట్టుదల ఉంటుంది. ఎవరి పట్టుదల వారికి చాలా గంభీరమైనది. చూసేవారికి మాత్రమే అది నవ్వు తెప్పిస్తుంది. పాత్రలు తాము హాస్యం చేస్తున్నామని ఎక్కడా అనుకోకపోవడం వలననే ఈ హాస్యం పాతబడలేదని చెప్పవచ్చు.

రాజేంద్రప్రసాద్ అంతకుముందు వంశీ దర్శకత్వంలోనే "ప్రేమించు పెళ్ళాడు" (1985) లో కథానాయకుడిగా నటించాడు. హాస్య కథానాయకుడిగా అతడిని స్థిరపరచినది లేడీస్ టైలర్. అప్పటి తెలుగు చిత్రాలలో కథానాయకుడు వీరుడు, హాస్యగాడు అతడి స్నేహితుడు. ఇక్కడ కథానాయకుడే బద్ధకస్తుడు, పిరికివాడు, అబద్ధాలకోరు. అయినా ప్రేక్షకుడు అతడి వైపే ఉంటాడు.

అనకాపల్లితో సంబంధం

శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి బెల్లం వర్తకానికి ప్రసిద్ధమైన పట్టణం. చిత్రం విడుదలైననాటికి ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. ఈ పట్టణానికి సమీపంలోని కశింకోట, బట్టల సత్యం పాత్రధారి మల్లికార్జునరావు స్వస్థలం. సుందరం కలలు కంటూ ఉంటే నేల మీద నిలబడి లెక్కలు చూసుకునే మనిషి సత్యం. జోస్యం ఫలిస్తే ఒకరికి పెళ్ళి, రెండవవారికి వ్యాపారం. ఈ పాత్రతో మల్లికార్జునరావుకు ఎంత పేరు వచ్చిందంటే, ఆ తరువాత వందలాది చిత్రాలలో నటించినా చాలామంది ప్రేక్షకులకు ఆయన బట్టల సత్యంగానే గుర్తుండిపోయాడు. "తమ్ముడు" (1999) చిత్రానికి ఉత్తమ హాస్యనటుడిగా నంది పురస్కారం అందుకున్నాడు. 2008 జూన్ 24న మరణించాడు.

రెండవ వ్యక్తి పాటల రచయిత చేంబోలు సీతారామశాస్త్రి. ఆయన బాల్యం, పాఠశాల చదువు అనకాపల్లిలోనే గడిచాయి. కె.విశ్వనాథ్ దర్శకత్వంలో వచ్చిన "సిరివెన్నెల" (1986) చిత్రం పేరే ఆయన ఇంటిపేరైంది. ఆ చిత్రంలో తాత్త్విక గాంభీర్యం నిండిన పాటలు వ్రాసిన కవి అదే సంవత్సరం పుట్టుమచ్చను వెతికే చిలిపి పాట కూడా వ్రాయడం గమనించదగినది. తరువాతి కాలంలో ఆయనకు పదకొండు నంది పురస్కారాలు, 2019లో పద్మశ్రీ లభించాయి. 2021 నవంబరు 30న మరణించారు. ఆయన గురించి వ్రాసేటప్పుడు గంభీరమైన పాటలనే ఎక్కువగా ఉదాహరిస్తారు. లేడీస్ టైలర్ పాటలకు దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

పాటలు

ఈ చిత్రం ఆకర్షణలో సగం పాటలదే. మచ్చను వెతికే పాటలో "చుక్క" అన్న మాట చుట్టూ కవి అల్లిక సాగుతుంది. చుక్క అంటే ఆకాశంలో నక్షత్రం, ఒంటి మీద మచ్చ, వాడుకలో అందమైన ఆడపిల్ల కూడా. జోస్యం చెప్పిన అదృష్టపు చుక్క, శరీరం మీది చుక్క, ఎదురుగా ఉన్న చుక్క - మూడూ ఒకే మాటలో ఇమిడిపోవడం వలన మోటుగా మారగల విషయం మాటల ఆటగా మారింది.

గోపికా వస్త్రాపహరణ ఘట్టాన్ని గుర్తుకు తెచ్చే పాట మరింత ప్రసిద్ధి చెందింది. నీటిలో ఉన్న స్త్రీలు తమ చీరలు ఇమ్మని వేడుకునే సన్నివేశం భాగవతం నుండి హరికథలకు, వీధి నాటకాలకు, కేలండరు బొమ్మలకు వ్యాపించి తెలుగువారందరికీ పరిచయమైనది. సీతారామశాస్త్రి దీనిని దర్జీ కథకు తెచ్చి అతికించారు. బట్టలు కుట్టి ఇవ్వవలసినవాడే బట్టలు ఎత్తుకుపోయే కృష్ణుడి వేషం కట్టడంలో ఉన్న వ్యంగ్యం పాట వినేటప్పుడు వెంటనే తట్టకపోవచ్చు. పురాణ కథ నీడలో సుందరం చేసే పని లీలగా కనిపిస్తుంది. అతడు కృష్ణుడు కాడన్నది మిగిలిన కథ చెబుతుంది.

ఇళయరాజా, వంశీల కలయిక "సితార" తో మొదలై "అన్వేషణ" (1985), "ఏప్రిల్ 1 విడుదల" (1991) మొదలైన చిత్రాలతో కొనసాగింది. వంశీ పాటలను చిత్రీకరించే పద్ధతి ప్రత్యేకమైనది. వాద్యాల దరువుకు సరిపోయేలా చిన్న చిన్న దృశ్యాలు - ఒక చూపు, ఒక కాలి అందె, గోదావరి గట్టు, పడవ తెరచాప - త్వరత్వరగా మారుతూ ఉంటాయి.

అమేలీతో పోలిక

ఇటువంటి చిత్రాల ఆకర్షణ ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి 2001లో వచ్చిన ఫ్రెంచి చిత్రం "అమేలీ" తో పోల్చి చూడడం ఉపయోగకరం. రెండింటికీ పదిహేనేళ్ళ ఎడం ఉంది. ఒకదాని ప్రభావం మరొకదానిపై ఉందనడానికి ఆధారం లేదు. పోలిక కేవలం కథా పద్ధతిలోనిది. జాఁ పియెర్ జునే దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో పారిస్ నగరంలోని మోంమార్త్ర్ ప్రాంతంలో ఒక కాఫీ హోటలులో పనిచేసే అమేలీ (ఓద్రే తోతూ) తన స్నానాల గది గోడలో ఎవరో పిల్లవాడు ఎప్పుడో దాచుకున్న డబ్బాను కనుగొంటుంది. దానిని అసలు యజమానికి చేర్చిన తరువాత, ఇతరుల జీవితాలను చాటుగా చక్కదిద్దడం అలవాటు చేసుకుంటుంది. ఫోటో యంత్రాల వద్ద జనం చించి పారేసిన ఫోటోలను పోగుచేసే నీనో (మాత్యూ కసోవిట్జ్) మీద మనసు పడి, ఎదురుగా వెళ్ళలేక, ఆనవాళ్ళు వదులుతూ అతడిని తన దగ్గరకు రప్పించుకుంటుంది. ఈ చిత్రానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడితో సహా నాలుగు సీజర్ పురస్కారాలు వచ్చాయి. అయిదు విభాగాలలో ఆస్కార్ ప్రతిపాదనలు పొందింది.

సుందరానికి పుట్టుమచ్చ, అమేలీకి డబ్బా, ఫోటోల ఆల్బమ్ - ఆనవాలు ఒక్కటి చేతికిస్తే ప్రేమకథ వెతుకులాటగా మారుతుంది. ప్రేక్షకుడు కూడా వెతకడం మొదలుపెడతాడు. రెండు చిత్రాలూ ఒక చిన్న చోటును తీసుకుని దానిని నిజానికన్న కొంచెం రంగులు ఎక్కువగా చూపుతాయి. అక్కడ వర్షం, వెన్నెల, సంగీతం అన్నీ అవసరమైనప్పుడే వస్తాయి. యాన్ టియెర్సన్ అకార్డియన్ మోంమార్త్ర్‌కు చేసిన పనిని ఇళయరాజా బాణీలు గోదావరి పల్లెకు చేశాయి.

భేదం కూడా ముఖ్యమైనదే. అమేలీ ఇతరుల కోసం మొదలుపెట్టి చివరకు తన దగ్గరకు వస్తుంది. సుందరం తన కోసం మొదలుపెట్టి, మరొక మనిషిని మనిషిగా చూడడం నేర్చుకుంటాడు.

విమర్శ

రెండు చిత్రాల ముచ్చట వెనుకా ఒక చిక్కు ఉంది. అమేలీ పరాయివారి ఇంట్లోకి దొంగతాళంతో వెళుతుంది, చనిపోయిన భర్త వ్రాసినట్లుగా ఒక స్త్రీకి దొంగ ఉత్తరం సృష్టిస్తుంది. ఫ్రెంచి విమర్శకుడు సెర్జ్ కగాన్‌స్కీ మరొక కోణంలో, ఆ చిత్రంలోని పారిస్‌లో వలస వచ్చినవారి ముఖాలు దాదాపు కనిపించవని, అది కడిగి శుభ్రం చేసిన నగరమని 2001లోనే తీవ్రంగా విమర్శించాడు.

లేడీస్ టైలర్ విషయంలో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. ప్రేమిస్తున్నానని నమ్మించి, మచ్చ లేదని తెలియగానే తప్పుకోవడం మోసం. ఆ స్త్రీలలో ఎవరి వైపు నుండి చెప్పినా ఈ కథ హాస్య చిత్రం కాదు. ద్వంద్వార్థపు సంభాషణలు కూడా ఉన్నాయి. ఇవన్నీ తెలిసీ ప్రేక్షకుడు నవ్వగలగడానికి ఒక కారణం సుందరం భయమే. అతడు వేటగాడిలా కాక, ప్రతి అడుగులోనూ తానే పట్టుబడబోతున్న దొంగలా కనిపిస్తాడు. మరొక కారణం అర్చన. తరువాతి కాలంలో "వీడు" (తమిళం), "దాసి" (తెలుగు) చిత్రాలకు జాతీయ ఉత్తమ నటి పురస్కారాలు పొందిన ఈ నటి, సుజాత పాత్రను హాస్యానికి లొంగనివ్వలేదు. ఆమె ఎదుట నిలిచినప్పుడు సుందరం ఆట ఆటగా ఉండదు. అయితే సుజాతకు దక్కిన గౌరవం మిగిలిన స్త్రీ పాత్రలకు దక్కలేదన్న లోటు మాత్రం మిగిలే ఉంది.

తరువాతి చిత్రం

2017లో వంశీ ఈ కథకు కొనసాగింపుగా "ఫ్యాషన్ డిజైనర్ సన్ ఆఫ్ లేడీస్ టైలర్" తీశారు. సుమంత్ అశ్విన్ కథానాయకుడు, మణిశర్మ సంగీతం. మొదటి చిత్రానికి వచ్చిన ఆదరణ దీనికి రాలేదు. అప్పటికి పల్లెలలో కూడా కుట్టిన దుస్తులు దుకాణాలలో కొనుక్కోవడం మామూలైపోయింది. జాకెట్టు ఎప్పుడు ఇస్తాడో అని ఊరంతా దర్జీ గుమ్మం ముందు నిలబడే రోజులు పోయాయి.