రేసుకో టీషర్టు: బీరువాలో పేరుకుపోయిన ‘ఫ్రీ’ లెక్క

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్, చలికాలం రాగానే విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగు, ఓపిక ఉన్నవాళ్లకు జనవరిలో ముంబై. వీటి మధ్యలో కాలనీ సంఘం 5కె, ఆసుపత్రి వాళ్ల అవగాహన పరుగు, ఆఫీసు రన్. పరుగు అలవాటైనవాళ్లకు ఏడాదిలో ఏడెనిమిది రేసులు ఇట్టే అయిపోతాయి. ప్రతి రేసుకూ ముందురోజు చేతికొచ్చే సంచిలో బిబ్ నంబరు, నాలుగు పిన్నీసులు, ఒక టీషర్టు ఉంటాయి. కొన్నిచోట్ల గీత దాటాక ‘ఫినిషర్’ అని రాసిన మరొకటి ఇస్తారు. నాలుగైదేళ్లు గడిచేసరికి బీరువాలో ఒక అర వాటితోనే నిండిపోతుంది. ఇంట్లోవాళ్లు ‘ఇవన్నీ ఏం చేస్తావు?’ అని అడిగితే జవాబు దొరకదు.

ఇంతగా ఎలా పేరుకుంటాయో ముందు చూద్దాం. మీరు వారానికి నాలుగు రోజులు పరిగెడతారనుకోండి. ఏడాదికి 208 సార్లు. రోజుకో టీషర్టు చొప్పున 208 ఉతుకులు. ఒక మాదిరి డ్రైఫిట్ టీషర్టు 100 ఉతుకులకు తేలిగ్గా నిలుస్తుంది. అంటే ఏడాదంతా పరిగెత్తినా అరిగిపోయేవి రెండే. వచ్చేవి 8, పోయేవి 2, మిగిలేవి 6. అయిదేళ్లకు 30. వారానికి రెండుసార్లు బట్టలు ఉతికే ఇంట్లో ఒకేసారి అవసరమయ్యేవి నాలుగు, వానాకాలానికి అదనంగా రెండు కలిపితే ఆరు. కాబట్టి బీరువా సర్దినంత మాత్రాన ఈ సమస్య తీరదు. రాక ఎక్కువ, ఖర్చు తక్కువ. రాకను తగ్గించుకోవాల్సిందే.

‘ఫ్రీగా ఇస్తున్నప్పుడు తీసుకుంటే తప్పేముంది?’ అనే సందేహం సహజం. అది ఫ్రీ కాదు. వేల సంఖ్యలో కుట్టించినప్పుడు ఇలాంటి టీషర్టు ఒక్కోటి సుమారు 150 నుంచి 250 రూపాయలు పడుతుంది. మీరు కట్టిన వెయ్యి, పదిహేను వందల ఫీజులోంచి, లేదా స్పాన్సర్ ఇచ్చిన డబ్బులోంచి అది పోతుంది. స్పాన్సర్ ఎందుకిస్తాడంటే, వీపు మీద వరసగా అచ్చువేసిన ఆ లోగోల కోసం. పరిగెత్తినప్పుడల్లా మీరు మోసేది వాళ్ల ప్రకటనే.

ఆ వీపు భాగాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడండి. లోగోలున్నచోట రబ్బరు పొరలా మందంగా తగులుతుంది. బట్టకున్న సన్నని రంధ్రాలన్నీ అక్కడ మూసుకుపోతాయి. ఆరో కిలోమీటరుకు దాని కింద చెమట నిలిచి, బట్ట ఒంటికి అంటుకుంటుంది. ఛాతీ మీద అచ్చు గరుకుగా ఉంటే 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ పూర్తయ్యేసరికి చర్మం ఒరుసుకుపోయి రక్తం కూడా రావచ్చు. అనుభవం ఉన్న రన్నర్లు వాజలైన్ రాసుకుని బయల్దేరేది ఇందుకే. పేరుకున్న ముప్పైలో నిజంగా పరుగుకు పనికొచ్చేవి పది లోపే ఉంటాయని నా అంచనా.

అసలు డ్రైఫిట్ అంటే ఏమిటి? మెడ దగ్గర లేబులు చూస్తే చాలావాటి మీద ‘100% పాలిస్టర్’ అని ఉంటుంది. ముడిచమురు నుంచి తీసిన ప్లాస్టిక్‌ను సన్నని పోగులుగా లాగి అల్లిన బట్ట అది. మంచినీళ్ల సీసా ఏ ప్లాస్టిక్‌తో తయారవుతుందో ఇదీ దాంతోనే. తేమ పట్టు అని ఒక కొలత ఉంది, అంటే పొడి పోగు గాలిలోంచి ఎంత తేమను తనలోకి తీసుకోగలదన్నది. 100 గ్రాముల పత్తి సుమారు 8 గ్రాములు తీసుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా తీసుకోదు. చెమట పోగులోకి ఇంకకుండా పైపైన పరుచుకుని గాలికి ఆరిపోతుంది. అందుకే కాటన్ బనియను తడిసి బరువెక్కినట్టు ఇది బరువెక్కదు. పరుగుకు ఇది నిజంగా మంచి గుణమే.

కానీ ఆ గుణమే మరోచోట దోషమవుతుంది. ఉతికినా ఈ టీషర్టులకు వాసన పోదని చాలామంది విసుక్కుంటారు. తప్పు మీ ఉతుకుడుది కాదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో 26 మంది చేత గంటసేపు సైకిల్ తొక్కించి, ఆ టీషర్టులను 28 గంటలు పక్కన పెట్టి పరీక్షించారు. కాటన్ కంటే పాలిస్టర్ టీషర్టులు ఎక్కువ వాసన వేశాయి. చెమట వాసన పుట్టించే మైక్రోకాకస్ అనే సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద బాగా పెరిగాయి, కాటన్ మీద పెరగలేదు. పరుగు నుంచి రాగానే టీషర్టును బ్యాగులోనే కుక్కి వదిలేయకండి. తిరగేసి నీళ్లలో జాడించి ఆరేస్తే వాసన చాలావరకు తగ్గుతుంది. మెత్తదనం కోసం కలిపే కంఫర్ట్ లాంటివి వీటికి వద్దు. అవి పోగుల మీద పొరకట్టి, చెమట ఆరే గుణాన్నే చెడగొడతాయి.

ఇక పర్యావరణం లెక్క. ఒక పాలిస్టర్ టీషర్టు తయారీలో సుమారు 5.5 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయని తరచూ ఉదహరించే ఒక అంచనా. లీటరు పెట్రోలు మండితే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే ఒక టీషర్టు వెనక దాదాపు 2.4 లీటర్ల పెట్రోలు ఉన్నట్టు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటర్ మీద హైదరాబాద్ నుంచి సిద్దిపేట దాకా వెళ్లొచ్చు. ముప్పై టీషర్టులకు 165 కిలోలు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోలకు కాస్త పైగా వెలువడుతుంది కాబట్టి, ఇది దాదాపు 230 యూనిట్లకు సమానం. ఓ మధ్యతరగతి ఇంటి నెల వాడకం అంత. ఇది భయపడాల్సినంత పెద్ద అంకె కాదు. రేసు కోసం హైదరాబాద్ నుంచి ముంబైకి విమానంలో వెళితే ఒక మనిషి వాటాకు వచ్చేది పది టీషర్టుల కంటే ఎక్కువే. అయినా ఇది ఎందుకు పట్టించుకోవాలంటే, తొడగని టీషర్టు వద్దనుకుంటే మనకు పోయేదేమీ లేదు. విమానం మానడం అంత తేలిక కాదు.

అయితే కాటన్ ఇస్తే సరిపోతుందా? వాయువుల లెక్కలో అది తక్కువే, సుమారు 2.1 కిలోలు. నీళ్ల దగ్గర మాత్రం తలకిందులవుతుంది. ప్రపంచ సగటున 250 గ్రాముల కాటన్ చొక్కా వెనక సుమారు 2,500 లీటర్ల నీళ్లుంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు వేసవిలో వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం. వానలో తడిసి పండే చేనుకు దక్కిన వాననీరు కూడా ఈ లెక్కలో ఉంది, కాబట్టి ఆదిలాబాద్ నల్లరేగడిలో వానాధారంగా పండిన పత్తినీ బోరునీళ్లతో పండిన పత్తినీ ఒకే గాటన కట్టకూడదు. ఏ బట్టయినా తొడుక్కుంటేనే దాని ఖర్చుకు న్యాయం జరుగుతుంది. ముప్పయ్యొకటోది కాటన్ అయినా ముప్పయ్యొకటోదే.

ఉతికినప్పుడు మరో నష్టం ఉంది. పాలిస్టర్ బట్ట నుంచి కంటికి కనపడని సన్నని ప్లాస్టిక్ నూగు రాలుతుంది. దీన్నే మైక్రోఫైబర్ అంటారు. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 6 కిలోల పాలిస్టర్ బట్టలు మెషిన్లో ఒకసారి ఉతికితే సుమారు 4.96 లక్షల పోగులు రాలవచ్చని లెక్కగట్టారు. రేసు టీషర్టు బరువు 130 గ్రాములనుకుంటే దాని వాటాకు పదివేలకు పైనే. బట్ట అల్లికను బట్టి ఈ అంకె మారుతుంది. ఆ నీళ్లు మురుగుకాలవ ద్వారా మూసీకో సముద్రానికో చేరతాయి. చల్లటి నీళ్లు, తక్కువసేపు తిరిగే సైకిల్ పెట్టుకుంటే రాలడం తగ్గుతుంది.

‘ఎవరికైనా ఇచ్చేస్తే పోతుంది కదా’ అంటారా? ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ ఇవ్వడంలో ఒక మర్యాద ఉంది. వాసన పోని, మెడ సాగిపోయిన టీషర్టును ‘దానం’ అనడం నాకు మనస్కరించదు. ట్యాగు కూడా తీయని కొత్తవి, రెండుమూడుసార్లు తొడిగినవి విడిగా తీయండి. సైజుల వారీగా కట్టలు కట్టండి. దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల పీఈటీ మాస్టారుని ముందుగా అడగండి. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లలకు ఒకే రంగువి ఏడో తొమ్మిదో దొరికితే జట్టు బట్టలవుతాయి. 1999 నుంచి పాత బట్టలు సేకరించి గ్రామాలకు చేరుస్తున్న గూంజ్ లాంటి సంస్థలూ ఉన్నాయి. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వేద్దామంటే, జరీచీరకున్న గిరాకీ వీటికి ఉండదు.

రీసైక్లింగ్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. ‘రీసైకిల్డ్ పాలిస్టర్’ అని లేబులు మీద కనపడేది ఎక్కువగా నీళ్ల సీసాల నుంచి చేసినదే, పాత టీషర్టుల నుంచి కాదు. ప్రపంచంలో పాత బట్టల నుంచి మళ్లీ కొత్త బట్టగా మారేది ఒక శాతం లోపే.

మన ఇళ్లలో పాత బట్ట చివరికి మసిగుడ్డగా మారుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పాలిస్టర్ టీషర్టును మసిగుడ్డ చేయకండి. నీళ్లు పీల్చదు, గట్టు తుడిస్తే తడి అటూ ఇటూ జరుగుతుందంతే. అంతకంటే ముఖ్యం, మంట తగిలితే ఇది కరిగి చేతికి అతుక్కుంటుంది. వేడి గిన్నె దించడానికి అసలే వాడకూడదు. బండి తుడవడానికి, బూట్లకు సంచిగా కుట్టుకోవడానికి పనికొస్తుంది. చెత్తలో వేసి తగలబెట్టడం మాత్రం వద్దు, అది ప్లాస్టిక్ కాల్చడమే.

చివరి సందేహం, బహుశా అన్నిటికంటే బలమైనది: ‘జ్ఞాపకం కదా!’ మొదటి ఫుల్ మారథాన్ టీషర్టును ఎవరూ పారేయమనరు. 42.195 కిలోమీటర్లు పరిగెత్తి తెచ్చుకున్నది అది. అలాంటివి మూడో నాలుగో దాచుకోండి. మిగతావాటి బొమ్మలు మాత్రమే కావాలనుకుంటే బొంత కుట్టించవచ్చు. ఛాతీ భాగం నుంచి 15 అంగుళాల చదరాలు కోసి, అడ్డంగా 4, నిలువుగా 5 పేరిస్తే 20 టీషర్టులతో అయిదడుగుల వెడల్పు, ఆరడుగులకు పైగా పొడవున్న బొంత వస్తుంది. బట్ట సాగుతుంది కనుక ప్రతి ముక్క వెనకా పాత కాటన్ చీర గుడ్డ వేసి కుట్టమని టైలర్‌కు చెప్పండి. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీదే ఉండాలి.

ఇవన్నీ వచ్చాక చేసే పనులు. రాకముందు చేయాల్సింది ఒకటే ఉంది, అది నిర్వాహకుల చేతిలోనూ మన చేతిలోనూ ఉంది. టీషర్టులు రేసుకు వారాల ముందే ఆర్డరివ్వాలి. ఎవరికి ఏ సైజు సరిపోతుందో అప్పటికి కచ్చితంగా తెలియదు కాబట్టి కొన్ని ఎక్కువే కుట్టిస్తారు. 20 వేల మంది పరిగెత్తే రేసు అనుకోండి. మనిషికి 130 గ్రాముల చొప్పున 2,600 కిలోల పాలిస్టర్. దరఖాస్తు ఫారంలో ఎస్, ఎం, ఎల్ పక్కన ‘టీషర్టు వద్దు’ అని ఒక గడి పెడితే, అయిదుగురిలో ఒకరు దాన్ని ఎంచుకున్నా 4,000 టీషర్టులు, 520 కిలోల ప్లాస్టిక్ తగ్గుతాయి. ఒక్కోటి 200 రూపాయలనుకుంటే 8 లక్షలు మిగులుతాయి. ఆ డబ్బుతో దారి పొడవునా మరిన్ని నీళ్ల బల్లలు, చివర్లో వచ్చేవాళ్లకు కూడా మిగిలేంత అరటిపళ్లు, ఇంకో అంబులెన్సు పెట్టొచ్చు. బ్రిటన్‌లో ట్రీస్ నాట్ టీస్ అనే ఏర్పాటు కింద టీషర్టు వద్దన్న రన్నర్ పేరున ఒక మొక్క నాటుతున్నారు. మొక్కే కానక్కర్లేదు, ఫీజులో 200 తగ్గించినా సంతోషమే.

మొదటిసారి పరిగెత్తే కుర్రాడికి ఆ టీషర్టు ఇవ్వాల్సిందే, అతనికి అది పండగ. బీరువాలో ముప్పై ఉన్న మనకు అక్కర్లేదు. ఈసారి రేసుకు పేరు నమోదు చేసేటప్పుడు ‘టీషర్టు వద్దు’ అనే గడి ఉందేమో చూడండి. ఉంటే నొక్కండి. లేకపోతే అది పెట్టమని నిర్వాహకులకు రెండు వాక్యాల మెయిలు రాయండి, మీ రన్నింగ్ గ్రూపులో మరో పదిమంది చేతా రాయించండి.