గ్రంథాలయ పన్ను: రెండు లెక్కలు

రుషికొండలోని గృహస్థు నగరపాలక సంస్థకు ఆస్తిపన్ను చెల్లించును. పల్లెలోని గృహస్థు పంచాయతీకి ఇంటిపన్ను చెల్లించును. ఇరువురును దానితోబాటు గ్రంథాలయ పన్నును కూడ ఇచ్చువారే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టము దీనికి ఆధారము. పన్నులో రూపాయికి 8 పైసల వంతున, ఇంటిపన్ను 1,000 రూపాయలైనచో గ్రంథాలయ పన్ను 80 రూపాయలగును.

ఈ సొమ్ము పంచాయతీ ఆదాయము కాదు. వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసినది. దానిని వీధిదీపములకో, మురుగుకాలువలకో వాడుకొనినచో ఆ మేరకు గ్రంథాలయమునకు పుస్తకములు, పత్రికలు కొఱవడును.

కావున ఏప్రిల్ 1 మొదలు మార్చి 31 వరకు రెండు లెక్కలు సిద్ధపరచుట మేలని మేము తలంచుచున్నాము.

మొదటిది ధనపు లెక్క: రావలసిన పన్ను ఎంత, వసూలైనది ఎంత, సంస్థకు జమకట్టినది ఎంత, నిలిచిన బకాయి ఎంత.

రెండవది వినియోగపు లెక్క: సభ్యులెందరు, ఇంటికిచ్చిన పుస్తకములెన్ని, పాఠకుల రాకలెన్ని. దీనిని గ్రంథపాలకుని నుండి పొందవచ్చును. ఈ అంకెలను కలగలుపరాదు. ఒక్కరే పత్రిక చదువుటకు 300 దినములు వచ్చినచో రాకలు 300 అగును గాని, పాఠకుడు ఒక్కడే. స్త్రీలను, బాలబాలికలను వేరుగా లెక్కించినచో గ్రంథాలయము ఎవరికి అందుటలేదో తేటపడును.

గ్రామసభలో ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చదివి వినిపించినచో, తామిచ్చిన పన్ను ఏమైనదో గ్రామస్థులే తెలిసికొందురు. బకాయిల వసూలునకును అది తోడ్పడును.