మహ్రమ్ (హజ్ యాత్ర)

మహ్రమ్ (ఉర్దూ వాడుకలో మెహ్రం) అనగా ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం ఒక స్త్రీ ఎన్నటికీ వివాహమాడుటకు వీలులేని దగ్గరి పురుష బంధువు. దూర ప్రయాణంలో, ముఖ్యంగా హజ్, ఉమ్రా యాత్రలలో, ముస్లిం స్త్రీకి తోడుగా భర్త గానీ మహ్రమ్ గానీ ఉండవలెనన్న నియమం వలన ఈ పదం భారతదేశంలో సామాన్య ప్రజలకు కూడా పరిచితమైనది. అయితే ఈ నియమం ముస్లింలందరికీ ఒకే విధంగా వర్తించదు. స్త్రీ అనుసరించే ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని (మస్లక్) బట్టి మారుతుంది. 2018 హజ్ నుండి భారత ప్రభుత్వం 45 ఏండ్లు దాటిన స్త్రీలను, కొన్ని షరతులతో, మహ్రమ్ లేకుండా పంపుతున్నది.

ఎవరు మహ్రమ్, ఎవరు కారు

'నిషిద్ధము' అను అర్థం గల 'హరామ్' పదం, 'మహ్రమ్' పదం ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టినవి. ఖురాన్ నాలుగవ సూరా (అన్‌నిసా) 23వ ఆయతులో వివాహ నిషిద్ధమైన బంధుత్వాలు చెప్పబడినవి. వీటిని మూడు విధాలుగా చెప్పుకోవచ్చును. రక్త సంబంధం వలన తండ్రి, తాత, కుమారుడు, మనుమడు, సోదరుడు, సోదరసోదరీల కుమారులు, పెదతండ్రి, పినతండ్రి, మేనమామ మహ్రమ్‌లు. వివాహ సంబంధం వలన మామగారు, అల్లుడు, భర్త ఇతర భార్య కుమారుడు. పాల సంబంధం వలన, అనగా శైశవంలో ఒకే స్త్రీ వద్ద పాలు త్రాగినందున సోదరుడైనవాడు కూడా మహ్రమే. మహ్రమ్‌గా ప్రయాణించువాడు యుక్తవయస్సు వచ్చినవాడు, మతి స్థిమితం గలవాడు అయి ఉండవలెను. భర్త నిర్వచనం ప్రకారం మహ్రమ్ కాడు, కానీ ప్రయాణానికి అతడు తోడుంటే నియమం తీరుతుంది.

తెలుగు పాఠకులు ఇక్కడ కొంత జాగ్రత్త వహించవలెను. మన తెలుగు హిందూ కుటుంబాలలో పెదనాన్న కొడుకు 'అన్న', పిన్ని కొడుకు 'తమ్ముడు'. వారితో వివాహం ఊహకు కూడా రాదు. మేనమామను పెండ్లాడు ఆచారం మాత్రం పలు కులాలలో ఉన్నది. ఇస్లాంలో ఇది పూర్తిగా తారుమారు. మేనమామ శాశ్వతంగా నిషిద్ధుడు కనుక మహ్రమ్. పెదతండ్రి, పినతండ్రి, మేనత్త, మేనమామ, తల్లి అక్కచెల్లెళ్ళ కుమారులతో వివాహం చెల్లుతుంది కనుక వారెవరూ మహ్రమ్‌లు కారు. మరిది, బావగారు కూడా కారు. అక్క భర్తతో వివాహ నిషేధం అక్క అతని భార్యగా ఉన్నంతవరకే గనుక అది తాత్కాలికం, అతడూ మహ్రమ్ కాడు.

ఉదాహరణకు హైదరాబాదు బేగంబజారులో సంతానం లేని ఒక వితంతువు ఉన్నదనుకొందాం. ఆమె మరిది కుటుంబంతో ఒకే ఇంటిలో ఉంటున్నది, మంచిచెడ్డలన్నీ అతడే చూస్తున్నాడు. అయినను హజ్‌కు అతడు తోడు కాలేడు. కరీంనగర్‌లో ఉన్న ఆమె అక్క కొడుకు, ఎన్నేళ్ళుగా రాకపోకలు లేకున్నా, తోడు కాగలడు. ఆమెకు ఒక కుమార్తె ఉన్నట్లయితే అల్లుడు సరిపోయేవాడు, కుమార్తె మరణించినా ఆ బంధం పోదు. నియమం ఆధారపడినది ఆప్యాయత మీద గాక వివాహ నిషేధం మీద.

ధర్మశాస్త్ర సంప్రదాయాలు

హజ్ ఇస్లాం ఐదు మూలస్తంభాలలో ఒకటి. మార్గానికి తగిన శక్తి గలవారిపై జీవితంలో ఒకసారి విధి అని ఖురాన్ (3:97) చెబుతుంది. ఈ 'శక్తి' అను మాటలో స్త్రీకి మహ్రమ్ కూడా చేరునా అన్నదే వివాదాంశం. మహ్రమ్ లేకుండా స్త్రీ ప్రయాణించరాదన్న హదీసులు బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నవి. తన భార్య హజ్‌కు బయలుదేరినదని, తాను యుద్ధయాత్రకు పేరు ఇచ్చానని చెప్పిన వ్యక్తిని ప్రవక్త భార్యతో హజ్‌కు వెళ్ళమని ఆదేశించిన ఉదంతం వీటిలో ప్రసిద్ధం. మరొకవైపు, హీరా పట్టణం నుండి ఒంటరి స్త్రీ దేవునికి తప్ప ఎవరికీ భయపడక కాబాకు వచ్చే కాలం వస్తుందని ప్రవక్త అదీ బిన్ హాతిమ్‌తో చెప్పినట్లు బుఖారీలోనే ఉన్నది. ఖలీఫా ఉమర్ తన చివరి హజ్ సమయంలో ప్రవక్త సతీమణులను ఉస్మాన్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌ల సంరక్షణలో హజ్‌కు పంపెను. ఇరుపక్షాల పండితులు తమకు అనుకూలమైన వాటికి ప్రాధాన్యమిచ్చిరి.

హనఫీ, హంబలీ సంప్రదాయాలు మహ్రమ్ తప్పనిసరి అంటాయి. షాఫయీలు విశ్వసనీయులైన స్త్రీల బృందంతో, మాలికీలు నమ్మకమైన యాత్రాబృందంతో విధి హజ్‌కు వెళ్ళవచ్చునంటారు. షియా జాఫరీ సంప్రదాయంలో స్త్రీకి తన భద్రతపై నమ్మకముంటే మహ్రమ్ అవసరం లేదు.

హనఫీ నియమం మూడు దినాల ప్రయాణ దూరానికి వర్తిస్తుంది. దీనిని మన దేశపు ఉలేమాలు 48 మైళ్ళు, అనగా సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టిరి. హైదరాబాదు నుండి జిద్దా సుమారు 4,000 కిలోమీటర్లు. మహ్రమ్ సొంత ఖర్చుతో రాకపోతే అతని ఖర్చు కూడా స్త్రీయే భరించవలెను, అనగా ఒక హజ్‌కు రెండు హజ్‌ల సొమ్ము కావలెను. ఈ భారాన్ని గురించి వ్రాసేవారు తక్కువ. తోడు లేకుండా వెళ్ళి హజ్ చేసిన స్త్రీ హజ్ చెల్లుతుంది, అయితే ప్రయాణ నియమాన్ని అతిక్రమించిన పాపం ఉంటుందని హనఫీ పండితుల అభిప్రాయం. వితంతువు గడువు (ఇద్దత్) నాలుగు నెలల పది దినాలు పూర్తి కాకముందు మహ్రమ్ ఉన్నా బయలుదేరరాదు.

హైదరాబాదులో

నగరంలోని సున్నీలలో అత్యధికులు హనఫీలు. పాతబస్తీకి దక్షిణాన గల బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయుటకు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు షాఫయీలు. దారుల్‌షిఫా ప్రాంతంలో షియాలు ఎక్కువ. కనుక ఒకే నగరంలో, కొద్ది మైళ్ళ దూరంలో, బార్కస్ స్త్రీకి అనుమతించబడినది బేగంబజారు స్త్రీకి అనుమతించబడకపోవచ్చును. బేగంబజారు ముసీ నదికి ఉత్తరాన ఉన్న టోకు వర్తక కేంద్రం. రెండవ నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసినందున ఆ పేరు వచ్చినది. రాష్ట్ర హజ్ కమిటీ కార్యాలయం గల నాంపల్లి హజ్ హౌస్ ఇక్కడికి దగ్గరలోనే ఉన్నది. యాత్రాకాలంలో హాజీల శిబిరం అక్కడే జరుగుతుంది, అక్కడి నుండి బస్సులలో శంషాబాదు విమానాశ్రయానికి తీసుకుపోతారు.

భారత ప్రభుత్వ నియమాలు

హజ్ కమిటీ ఆఫ్ ఇండియా 2002 నాటి చట్టం క్రింద పనిచేస్తుంది. 2017 వరకు ఈ కమిటీ ద్వారా వెళ్ళే ప్రతి స్త్రీకి మహ్రమ్ ఉండవలసినదే. ఆ సంవత్సరం మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి అఫ్జల్ అమానుల్లా అధ్యక్షతన ఏర్పడిన సంఘం, 45 ఏండ్లు దాటిన స్త్రీలు, వారి మస్లక్ అనుమతించిన పక్షంలో, కనీసం నలుగురు బృందంగా మహ్రమ్ లేకుండా వెళ్ళవచ్చునని సిఫారసు చేసినది. 'మస్లక్ అనుమతించిన పక్షంలో' అన్న షరతు గమనింపదగినది. ప్రభుత్వం ధర్మశాస్త్రాన్ని మార్చలేదు, నిర్ణయాన్ని స్త్రీకే వదిలినది. 2018 లో వెయ్యికి పైగా స్త్రీలు ఈ విధంగా వెళ్ళిరి. వారికి లాటరీ నుండి మినహాయింపు లభించినది. ఇది సంస్కరణ అని కేంద్రం ప్రకటించగా, హైదరాబాదు లోక్‌సభ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ ఇది సౌదీ ప్రభుత్వం అదివరకే ఇచ్చిన సడలింపు మాత్రమేనని వాదించిరి.

తరువాత ఒంటరిగా దరఖాస్తు చేసిన స్త్రీలను కమిటీయే బృందంగా చేర్చే ఏర్పాటు వచ్చినది. 2023 లో 4,314 మంది వెళ్ళిరి. అదే సంవత్సరం జూన్ 8న కోళికోడ్ నుండి 145 మంది స్త్రీలతో, సిబ్బంది కూడా స్త్రీలే అయిన హజ్ విమానం బయలుదేరినది. ఈ పద్ధతిని మొదటి నుండి ఎక్కువగా ఉపయోగించుకొన్నది కేరళ స్త్రీలే. అక్కడి ముస్లింలలో అత్యధికులు షాఫయీలన్నది ఒక ముఖ్య కారణమని భావించవచ్చును.

మహ్రమ్ ఒక్కడే ఎంపికై, పాస్‌పోర్టు మొదలగు కారణాల వలన దరఖాస్తు చేయలేకపోయిన స్త్రీల కొరకు ప్రత్యేక 'మెహ్రం కోటా' కూడా ఉన్నది. 2018 విధానంలో దీనిని 200 నుండి 500 సీట్లకు పెంచిరి.

సౌదీ అరేబియా

2019 లో సౌదీ ప్రభుత్వం 21 ఏండ్లు దాటిన తమ దేశ స్త్రీలకు సంరక్షకుని అనుమతి లేకుండా పాస్‌పోర్టు, విదేశీ ప్రయాణం అనుమతించినది. 2021 లో దేశంలో నివసించు స్త్రీలు మహ్రమ్ లేకుండా హజ్‌కు నమోదు చేసుకొనే వీలు కల్పించినది. 2022 అక్టోబరులో హజ్ మంత్రి తౌఫీఖ్ అల్ రబియా, ఏ దేశపు స్త్రీ అయినా మహ్రమ్ లేకుండా రావచ్చునని కైరోలో ప్రకటించిరి.

మహ్రమ్ దొరకని హనఫీ స్త్రీ

వీసా లభించుట వేరు, మతవిధి తీరుట వేరు. సొమ్ము ఉండి మహ్రమ్ లేని స్త్రీకి హజ్ అసలు విధియే కాదని కొందరు హనఫీ పండితులు, విధియే గానీ స్వయంగా చేయుట మాత్రం విధి కాదని మరికొందరు చెప్పిరి. రెండవ అభిప్రాయం ప్రకారం ఆమె చివరి వరకు మహ్రమ్ కొరకు ఎదురుచూచి, దొరకనిచో తన పక్షాన మరొకరు హజ్ చేయవలెనని (హజ్జె బదల్) వీలునామా వ్రాయవలెను. వారసుల సమ్మతి లేనిచో ఆ ఖర్చు ఆమె ఆస్తిలో మూడవ వంతుకు మించరాదు.