బోర్లా తిప్పి చూశారా?

మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా పురిటిబిడ్డ వీపును తీరిగ్గా చూసేది డాక్టరు కాదు... నీళ్లుపోసే అవ్వ! కాళ్లు చాపుకుని, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, మెడ నుంచి పిర్రల దాకా నూనె రాస్తుంది. నడుము మీద మెత్తటి గడ్డ, వెంట్రుకల కుచ్చు, లోతైన సొట్ట... ఏదున్నా ముందు తెలిసేది ఆ చేతికే. ‘పుట్టుమచ్చలే’ అని ఊరుకుంటేనే ప్రమాదం.

అప్పుడే పుట్టిన పిల్లల్లో వెన్నుపాము కణితులు చాలా అరుదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పసిగుడ్డు నొప్పని చెప్పదు, నడవదు. ఒక కాలు ఆడించకపోవడం, పక్క మారిస్తే గుక్కపెట్టి ఏడవడం, మూత్రం ధారగా రాక బొట్లుబొట్లుగా కారడం, విరేచనం సరిగా కాకపోవడం... ఇవే ఆనవాళ్లు. ఏడుపుకేమో దిష్టి తీస్తారు, విరేచనానికి ఆముదం పడతారు. వారాలు గడిచిపోతాయి!

న్యూరోబ్లాస్టోమా అనే కణితి మరీ మాయదారిది. ఛాతీలోనో కడుపులోనో పుట్టి, వెన్నుపూసల సందుల్లోంచి దూరి వెన్నుపామును నొక్కేస్తుంది. వీపు మీద ఏమీ కనబడకపోవచ్చు. దీనికి చాలాసార్లు ముందు కీమోథెరపీయే ఇస్తారు.

అన్ని గడ్డలూ కేన్సర్లు కావు. కొవ్వుగడ్డ వెన్నుపాము కొసను గుంజకు కట్టేసినట్టు పట్టి ఉంచుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ నరాలు లాగుతాయి. తోకఎముక దగ్గర వచ్చే టెరటోమా సుమారు 35 నుంచి 40 వేల జననాల్లో ఒకరికి కనిపిస్తుంది, ఆడపిల్లల్లోనే ఎక్కువ. పుట్టిన కొద్దిరోజుల్లో తోకఎముకతో సహా తీసేస్తే చాలామంది మామూలుగానే పెరుగుతారు. రెండు నెలలు దాటితే కేన్సరయ్యే ముప్పు పెరుగుతుంది. ‘పురుడు వెళ్లాక చూద్దాంలే’ అనే మాట ఇక్కడ ఎంత ఖరీదో!

దూరాలూ తక్కువేం కాదు. పిల్లల శస్త్రచికిత్స విభాగాలున్న పెద్దాసుపత్రులకు అటు గుంటూరో, ఇటు నల్లమల దాటి కర్నూలో పోవాలి. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లు గుంటూరు-నంద్యాల రైలు మార్గం మీదే ఉండటం కాస్త ఊరట.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం కాన్పు జరిగినచోటే బిడ్డను తల నుంచి పాదాల దాకా పరీక్షించాలి. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొస్తుంది. తూకం చూసేటప్పుడే బట్టలు విప్పి వీపు కూడా చూడమని అడగొచ్చు. మొదటి మూడు నెలల్లో వెన్నుపూసలు ఇంకా గట్టిపడవు కాబట్టి మామూలు అల్ట్రాసౌండ్‌తోనే వెన్నుపాము కనిపిస్తుంది. తేడా ఉంటే ఆ తర్వాత ఎమ్మారై.

గడ్డను సూదితో గుచ్చడం, వాతలు పెట్టడం వద్దేవద్దు. అది నీటితిత్తి అయితే ఇన్‌ఫెక్షన్ నేరుగా మెదడుకు పాకుతుంది. చర్మం చిట్లితే దగ్గర్లోని ఆసుపత్రిలో సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పించుకుని, బిడ్డను వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టి బయల్దేరాలి.