మీకు తెలుసా? ఫ్యూజు పీకితే గేర్లు మీ చేతికే!

చాలా ఆటోమేటిక్ బండ్లలో గేర్లు మార్చేది కంప్యూటరు. మరి ఆ కంప్యూటర్ ఫ్యూజే పీకేస్తే? బండి కదలదనుకుంటున్నారు కదూ! పాత జీప్ చెరోకీలోని ఏడబ్ల్యూ4 గేర్‌బాక్స్ అయితే చక్కగా కదులుతుంది! లివర్ 1-2 దగ్గర పెడితే ఒకటో గేరు. 3 దగ్గర మూడోది. డి దగ్గర నాలుగోది! రివర్సూ పడుతుంది. రెండోదొక్కటే మాయం!

అసలు కిటుకు ఇక్కడుంది, వినండి! ఫ్యూజు తీశాక గేర్లు శుభ్రంగా పడుతున్నాయా? అయితే గేర్‌బాక్స్ లోపల చాలావరకు బాగున్నట్టే. తప్పు వైరింగ్‌లోనో, స్విచ్‌లోనో, కంప్యూటర్‌లోనో వెతకాలి. గేర్‌బాక్స్ విప్పక ముందే, పైసా ఖర్చు లేకుండా సగం చిక్కు విడిపోయింది! ఒక్క జాగ్రత్త. మంచి వేగంలో ఉండగా లివర్‌ని 1-2కి లాగొద్దు. ఆపడానికి కంప్యూటర్ లేదు, సరాసరి ఒకటో గేరే!

ఆ స్విచ్ మీద ఓ కన్నేయండి! లివర్ ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. ఉండేదేమో గేర్‌బాక్స్ పక్కన, బురద చిమ్మే చోట. మట్టి దూరిందా, గేర్లన్నీ తికమకే! చాలాసార్లు విప్పి శుభ్రం చేస్తే చాలు!

చెరోకీ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గుతోంది. నేల మీద చుక్క లేదు! ఎటు పోయింది? దాని వెనకే ఉండి, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ఎన్‌పీ231 ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి! మధ్య సీలు అరిగితే జరిగేదిదే. రెండింటిలోనూ పోసేది ఒకే రకం ఆయిల్, అందుకే గుట్టు బయటపడదు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫిల్లింగ్ ప్లగ్ విప్పి చూడండి. ఆయిల్ బుస్సున పొంగిందా? దొంగ దొరికినట్టే!

చెరోకీలో ఆయిల్ చూడాలంటే ఇంజన్ ఆన్‌లో, లివర్ పార్క్‌లో ఉండాలి. అదే 2002 దాకా జీప్ రాంగ్లర్‌లో వచ్చిన మూడు గేర్ల ఆటోమేటిక్‌కి న్యూట్రల్‌లో చూడాలి! పార్క్‌లో చూస్తే లెక్క తప్పుతుంది!

వేడి సంగతి చెప్పనా? 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల లెక్క! ఇసుకలో, ఏటవాలు కొండల్లో ‘ఫోర్ లో’ (4L) వేసుకోండి. ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే టార్క్ కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది, ఆయిల్ చల్లగా ఉంటుంది!

ఇది నమ్మలేరు! 1970ల తొలినాళ్ల దాకా ఈ ఆయిల్లో తిమింగలం నూనె కలిపేవారు!

ఇక మన దారుల మాట. 2020లో వచ్చిన థార్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా, ఏడబ్ల్యూ4 లాగే, జపాన్ ఐసిన్ వారిదే! ఆ బండి 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదు. అయితే ఏ ఆటోమేటిక్ అయినా, కాగిన గేర్‌బాక్స్ వాగులో ఒక్కసారిగా చల్లబడితే బ్రీదర్ గొట్టం గుండా లోపలికి గాలి పీల్చుకుంటుంది! ఆ గొట్టం ఊడినా, నీళ్లలో మునిగినా గాలికి బదులు నీళ్లే వెళ్తాయి. లోతు నీళ్లు దాటాక ఆయిల్ రంగు చూపించుకోండి. రోజ్‌మిల్క్‌లా ఉందా? ఇంజన్ స్టార్ట్ చేయకండి. ముందు ఆయిల్ మొత్తం మార్పించండి!