తెగని దృశ్యధార

సింగపూరు ఎం.ఆర్.టి. సొరంగంలో సంకేతం సన్నగిల్లినా సెల్‌ఫోనులోని తెలుగు చిత్రం సాధారణంగా ఆగదు. ఎందువలన? 2009లో యాపిల్ సంస్థ ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్. పద్ధతిలో చిత్రాన్ని సుమారు 6 సెకన్ల ఖండాలుగా విభజించి, ప్రతి ఖండాన్నీ పలు నాణ్యతలలో సిద్ధపరుస్తారు. ఫోను రాబోయే ఖండాలను ముందుగానే తెచ్చి నిల్వ ఉంచుకొంటుంది. వాన లేనినాడు చెరువు పొలాన్ని తడిపినట్లు, ఆ నిల్వే ఆదుకొంటుంది. నిల్వ తరిగితే తక్కువ నాణ్యత గల ఖండాన్ని కోరుతుంది. ప్రతి ఖండమూ ముందరి బొమ్మలపై ఆధారపడని సంపూర్ణ చిత్రంతో మొదలవడం వల్ల అతుకు కనబడదు.

అయితే ప్రత్యక్ష ప్రసారంలో నిల్వ పెరిగితే ఆలస్యమూ పెరుగుతుంది. స్వగ్రామంలో చెల్లెలి మెడలో మూడుముళ్ళు పడిన కొన్ని క్షణాలకు గాని ఇక్కడ మనం అక్షింతలు వేయలేము. ధార తెగకుండా ఉండేందుకు మనం చెల్లించే మూల్యం అదే.